మూత తీసింది మొదలు

మార్చి 4, సోమవారం

అన్నయ్య కిడ్నీలు ఇక పనిచేయవు. పొట్టకి పెట్టిన ట్యూబులోంచి రోజూ మందునీళ్ళు ఎక్కించి, మళ్ళీ దించాలి. ఇంట్లోనే చేసుకోవచ్చట. అన్నయ్యకి చేతులు వణుకుతాయి కాబట్టి నేర్చుకోవలసింది నేను. శుక్రవారం టెస్టు. పాసైతే ఇద్దరం ఇంటికి. లేదంటే అన్నయ్య ఈ వార్డులోనే.

నేర్పే నర్సుకి హెడ్‌మిస్ట్రెస్ అని పేరు పెట్టాను. ఆమె చేసిందంతా వీడియో తీసేశాను. ఫోన్లో ఉందిగా, ఇంకేం భయం!

మార్చి 5

లీవులో ఉన్నా సరే, గ్రూపులో నన్ను ట్యాగ్ చేయందే మా టీమ్‌కి పొద్దు గడవదు. హెడ్‌మిస్ట్రెస్ చెబుతూ ఉండగానే రెండు మెసేజ్‌లకి జవాబిచ్చాను. ఏమ్మా, ఇప్పుడు నేనేం చెప్పానో చెప్పు అంది. ఒక్క ముక్కా చెవిన పడలేదు. ఆమె మీద ఒళ్ళు మండిపోయింది. మండాల్సింది నా మీద.

మార్చి 7

లిఫ్టులో, క్యాంటీన్లో, ఎక్కడపడితే అక్కడ వీడియో చూశాను. మెట్లన్నీ వరుసగా అప్పజెప్పగలను. అన్నయ్య డ్రైవింగ్ మాస్టారు. వీడియో చూసి కారు నేర్చుకున్నవాళ్ళంతా నన్ను డివైడర్ ఎక్కించారే అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మార్చి 8, టెస్టు అయ్యాక

ఫెయిల్.

టెస్టు రబ్బరు బొమ్మ పొట్ట మీద. మందునీళ్ళ కొత్త సంచి ట్యూబు మూత తీశాను. సరిగ్గా అప్పుడే జేబులో ఫోన్ వణికింది. చూడలేదు, ఒట్టు. చెయ్యి మాత్రం అటు కాస్త కదిలింది. ట్యూబు కొన ఆప్రాన్‌కి తగిలింది. బొమ్మ పొట్ట కాబట్టి సరిపోయింది, మీ అన్నయ్యకైతే లోపల ఇన్‌ఫెక్షన్ వచ్చేది, మనిషి దక్కకపోనూవచ్చు అంది హెడ్‌మిస్ట్రెస్. అన్నయ్య అక్కడే కూర్చుని అన్నీ విన్నాడు. పర్లేదులేవే అన్నాడు. బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను.

మార్చి 9

అన్ని మెట్లూ ఒకటే అనుకోకమ్మా అంది హెడ్‌మిస్ట్రెస్. సంచి వెచ్చబెట్టడం మరిచిపోతే ఆయనకి చలేస్తుంది. దించిన నీళ్ళ బరువు రాయడం మరిచిపోతే నేను తిడతాను. మూత తీసింది మొదలు పొట్ట ట్యూబుకి కలిపేదాకా ఆ కాసేపట్లో తప్పు చేస్తే మాత్రం ప్రాణం మీదికొస్తుంది. మంగళవారం మళ్ళీ టెస్టు పెడతా, ముందు అదొక్కటే నేర్చుకో, మిగతావి నేను పక్కన నిలబడి చెబుతా అంది. వీడియోలన్నీ తన ముందే డిలీట్ చేయించింది.

ఆఫీసు గ్రూపులోంచి నేనే బయటికొచ్చేశాను. మేనేజర్ ఫోన్ చేసి, లీవు అయ్యాక నీ సీటు నీకే ఉంటుందని నేను చెప్పలేను అన్నాడు. భయం వేసింది. అయినా ఫోన్ స్విచాఫ్ చేశాను.

మార్చి 10

మూత తీయడం, కలపడం. మూత తీయడం, కలపడం. ఇంకేమీ చేయలేదు.

మార్చి 12

పాస్! టెస్టు మధ్యలో హెడ్‌మిస్ట్రెస్ కావాలనే స్టీలు ట్రే ఎత్తి కింద పడేసిందట. వార్డంతా ఉలిక్కిపడిందట. అన్నయ్య చెప్పేదాకా నాకు తెలియదు.

మార్చి 13, ఇల్లు

మొదటి సంచి. చూసేవాళ్ళెవరూ లేరు. ట్యూబు కొన నా వేలికి తగిలిందా? తగల్లేదనే అనిపించింది.

అయినా ఆ సంచి పారేశాను. ఎందుకని అన్నయ్య అడగలేదు. ఇంకోటి వెచ్చబెట్టు అన్నాడు.