మచ్చలు తీసే మీట

కామసముద్రం
6 జూన్ 2022

ప్రియమైన అమృతరాజుకు,

నా చేతిరాత బాగుండదు. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. తప్పులుంటే సరిచేసుకుని చదువుకో. ఉత్తరానికి మొదట ప్రియమైన అని పెట్టాలని బడిలో నేర్పారు కాబట్టి పెట్టాను. వేరే అర్థం తీసుకోవద్దు.

మనిద్దరికీ మాటలు లేక ముప్పై ఎనిమిదేళ్ళయింది. ఫోనులో నాకు మాట రాదు. అందుకే ఉత్తరం.

సంగతి ఇది. మా ఊళ్ళో టమాటా నారు పెంచేవాళ్ళం ఒక సంఘం పెట్టుకున్నాం. టమాటాకు వచ్చే తెగుళ్ళన్నీ నేను నలభై ఏళ్ళుగా నోటుబుక్కులో రాసుకుంటున్నాను. దాన్ని రైతులు ఫోనులో చదువుకునే పుస్తకంగా చేయాలని, సంఘానికి ఒక వెబ్‌సైటు పెట్టాలని మా కార్యదర్శి వినుత పట్టుబట్టింది. వ్యవసాయం చదివిన అమ్మాయి. తెగులు పట్టిన ఆకుల ఫోటోలు తనే తీసింది, ఇరవై నాలుగు. వాటిని కత్తిరించి ఒక కొలతకు తేవాలి. పుస్తకానికి అట్ట తయారుచేయాలి. దానికి కంప్యూటర్లో ఏ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలో మాకు తెలియదు. ఖరీదైనది మావల్ల కాదు. కోలారులో అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారు. నువ్వు ఫోటో స్టూడియో మూసేసి, ఇంట్లో కూర్చుని పుస్తకాల అట్టలు, వెబ్‌సైటు బొమ్మలు చేస్తున్నావని వినుత రాబర్ట్‌సన్‌పేటలో విని వచ్చింది. వేరే మనిషి దొరికి ఉంటే నిన్ను అడిగేవాణ్ణి కాను.

నాకు కావలసింది ఒకటే. మా రైతు పుస్తకంలో ఆకు చూసి, తన చేలో ఆకు చూసి, ఇది ఫలానా తెగులు అని పట్టుకోవాలి. మూడు నాలుగు రోజుల్లో పట్టుకుంటే పంట దక్కుతుంది. నా మాట మీద నారు తీసుకెళ్ళేవాళ్ళు వందమంది ఉన్నారు. వాళ్ళ ముందు నా మాట పోకూడదు.

ఏది కొనాలో చెప్పు. వెంటనే జవాబు రాయి.

ఆదినారాయణప్ప


రాబర్ట్‌సన్‌పేట
14 జూన్ 2022

ప్రియమైన ఆదినారాయణప్పకు,

నేను ప్రియమైన అని మనసుతోనే పెట్టాను. నువ్వు ఎలా తీసుకున్నా నాకు నష్టం లేదు.

నీ కవరు చూసి మా ఆవిడ మార్గరెట్ మునిసిపాలిటీ నోటీసు అనుకుని భయపడింది. చదివాక, నోటీసే నయం అంది. సాయం అడిగే మనిషి ఇలా రాయడం నేనెక్కడా చూడలేదు. ఇక్కడి బంగారు గని మూసినప్పుడు కూడా కంపెనీవాళ్ళు ఇంతకంటే మర్యాదగా రాశారు.

అడిగావు కాబట్టి చెబుతాను. పెద్ద కంపెనీది ఒకటుంది. దాన్ని కొనడానికి లేదు, నెలనెలా బాడుగ కట్టాలి. కట్టడం ఆపితే అది పని చేయడం ఆపుతుంది. బెంగళూరులో పెళ్ళి ఆల్బములు చేసేవాళ్ళకు అది గిట్టుతుంది, నారు సంఘానికి కాదు. ఇంటర్నెట్లో ఊరికే వచ్చేది ఒకటుంది. మంచిదే, కానీ ప్రతి పనీ ఓపికగా చేత్తో చేసుకోవాలి. నేను నేర్చుకోవడానికి నెలరోజులు పట్టింది. తయారుగా ఉన్న అట్టలు ఇచ్చేవి కొన్ని ఉన్నాయి. పేరు మార్చుకుంటే చాలు. నువ్వు మెచ్చుకుని పెట్టుకున్న అట్టే ఇంకెవరిదో వంటల పుస్తకానికి కూడా ఉంటుంది. పైగా వాటిలో కొన్నింట్లో తెలుగు రాస్తే ఒత్తులు ఊడి పక్కన పడతాయి.

నేను వాడేది ఒక్కసారి కొంటే సరిపోయేది. ధర తక్కువ. అన్నిటికంటే గొప్ప సంగతి, అందులో శుభ్రం చేసే మీట ఒకటుంది. ఎన్ని బొమ్మలైనా వరసగా పెట్టి ఒక్కసారి నొక్కితే చాలు. వెనకటికి ఒక ముఖానికి నేను రోజంతా కూర్చునేవాణ్ణి.

మీరు కొనక్కరలేదు. ఫోటోలు వినుత దగ్గర తెప్పించుకుని నా దాంట్లోనే మీ పని చేసేశాను. ఇరవై నాలుగు బొమ్మలు, అట్ట, వెబ్‌సైటు మొదటి పేజీకి ఒక పెద్ద బొమ్మ. అన్నీ వినుతకు పంపాను. అచ్చుతీసిన కాగితాలు ఈ కవరులో నీకోసం పెట్టాను. చూసి చెప్పు. కూలి ఇస్తానని మాత్రం అనవద్దు.

అమృతరాజు


కామసముద్రం
25 జూన్ 2022

అమృతరాజుకు,

చూశాను. బాగున్నాయి. పెట్టమని వినుతకు చెప్పాను.

ఆదినారాయణప్ప


కామసముద్రం
9 ఆగస్టు 2022

అమృతరాజు,

ఈసారి ప్రియమైన లేదు.

నిన్న పాపన్న మా వాకిట్లోకి వచ్చాడు. నా దగ్గర నారు తీసుకుని అరెకరం నాటినవాడు. పోయిన నెల అతని చేలో అడుగు ఆకుల మీద ఆవగింజలంత మచ్చలు వచ్చాయి. ఫోను తీసి మన పుస్తకంలో చూసుకున్నాడు. ఆకుమచ్చ తెగులు అని రాసిన చోట ఉన్న ఆకు తళతళలాడుతోంది. ఒక్క మచ్చ లేదు. అయితే నా చేలో ఉన్నది ఇది కాదు అనుకున్నాడు. మందుల అంగడివాడు మొక్కకు సత్తువ లేదని చెబితే సత్తువ మందు కొట్టాడు. పది రోజులు వాన పట్టింది. ఇప్పుడు అరెకరంలో మోళ్ళు మిగిలాయి.

అతను అరవలేదు. అరిచినా బాగుండేది. మా వాకిట్లో పదిమంది ఉన్నారు. వాళ్ళ ముందే ఫోను నా చేతికిచ్చాడు.

“ఏమన్నా, మా చేనుకంతా తెగులుండాది. నీ పుస్తకంలో తెగులుకు మాత్రం ఏ తెగులూ లేదే. ఇంగ ఈ ఆకును పెండ్లిచూపులకు పంపిస్తావా?” అన్నాడు.

ఎవరూ నవ్వలేదు.

లోపలికి వెళ్ళి కళ్ళజోడు పెట్టుకుని అన్నీ చూశాను. ఇరవై నాలుగు ఆకులూ అంతే. మచ్చలు లేవు. ఎండిన అంచులకు పచ్చదనం తెచ్చావు. అట్ట మీద ఆకైతే ఇప్పుడే వానలో తడిసినట్టుంది. మంచి ఆకు ఇది, తెగులు ఆకు ఇది అని పక్కపక్కన పెట్టిన పేజీలో రెండూ అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి. ఇప్పటికి ఇద్దరు రైతులు నారు వేరే ఊరి నుంచి తెచ్చుకున్నారు.

ఇది నీకు కొత్త కాదు. 1984లో నా భార్య మునిలక్ష్మమ్మను నీ స్టూడియోకు తీసుకొచ్చాను. మూడేళ్ళప్పుడు అమ్మవారు పోసి ఆమె ముఖం నిండా మచ్చలు. ఆ ముఖం చూసే నేను చేసుకున్నాను. నువ్వు ఇచ్చిన పటంలో ఒక్క మచ్చ లేదు. ఎవరో సినిమా మనిషిలా ఉంది. నా పెళ్ళాం ముఖం నీ స్టూడియో మర్యాదకు సరిపోలేదని నాకు అర్థమైంది. ఆ రోజు నుంచి నీ మెట్లు ఎక్కలేదు. రెండేళ్ళ కిందట ఆమె పోయింది. ఇంట్లో ఆమెది ఇంకో ఫోటో లేదు. దండ వేయడానికి నువ్వు చేసిన ఆ బొమ్మే గతి అయింది.

నీకు మనిషైనా ఆకైనా ఒకటే. ఉన్నది ఉన్నట్టు చూడలేవు.

పుస్తకం తీసేయమని వినుతకు చెప్పాను. దీనికి ఏం జవాబు చెబుతావో వెంటనే రాయి.

ఆదినారాయణప్ప


రాబర్ట్‌సన్‌పేట
16 ఆగస్టు 2022

ఆదినారాయణప్పకు,

బాగున్నాయి అని నువ్వు రాసిన ఉత్తరం నా దగ్గరే ఉంది. కావాలంటే పాపన్నకు పంపిస్తాను. నలభై ఏళ్ళు ఆకులతో బతికినవాడివి, కాగితం చేతిలో పెడితే నీకు తెలియలేదు. ఫోటోల మనిషిని, నాకెలా తెలుస్తుంది?

అయినా తప్పు నాదే. ఒప్పుకుంటున్నాను. నా బతుకంతా మచ్చలు తీయడమే. గనిలో రాయి తగిలి నుదురు చీలినవాడు కూడా ఫోటోలో ఆ గీత తీసేయమనేవాడు. కంపెనీ గుర్తింపు కార్డుకు కూడా ముఖం శుభ్రం చేయమనేవాళ్ళు. మచ్చ ఉంచు స్వామీ అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నీ ఆకులు చూడగానే నా చెయ్యి మీట మీదికి పోయింది. అన్నీ ఒక్కసారి మెరిసిపోతే సంతోషపడ్డాను. ఆ ఫోటో ఎందుకు తీశారని ఆలోచించలేదు. పాపన్న అరెకరం నా మెడకు చుట్టుకుంది. అది నేను పడతాను.

రెండో మాట మాత్రం పడను. ఇంతకాలం పడ్డాను, చాలు.

ఆ రోజు ఫోటో తీయడం అయ్యాక నువ్వు బస్సు కనుక్కోవడానికి కిందికి దిగావు. మునిలక్ష్మమ్మ మెట్ల దాకా నీ వెనకే వచ్చి, మళ్ళీ లోపలికి తిరిగొచ్చింది. తల ఎత్తకుండా అడిగింది. ఆమె అన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను.

“అన్నా, నా మొగం మీద ఈ మచ్చలు తీసేసేకి అయితాదా? మా ఇంటాయనకు చెప్పొద్దు. ఆయప్ప మంచోడు, మచ్చలు చూసే చేసుకున్నాడు. కానీ అవి లేకుంటే నేను ఎట్లుంటానో నాకే తెలీదు. ఒక్కతూరి చూసుకోవల్ల.”

చెప్పనని మాట ఇచ్చాను. రెండు రోజులు కూర్చుని, సన్నగా చెక్కిన పెన్సిలుతో నెగెటివు మీద ఒక్కొక్క మచ్చనూ పూడ్చాను. అప్పుడు మీట లేదు. నీ పెళ్ళాం ముఖం నాకు సరిపోలేదా? ఆ ముఖం నాకు తెలిసినంత దగ్గరగా నువ్వు కూడా చూసి ఉండవు. నువ్వు పటం తీసుకుని నా మీద ఉమ్మినట్టు చూసి వెళ్ళిపోయావు. సంతలో కనిపిస్తే రోడ్డు దాటేవాడివి. మా పాప ప్రిన్సీ పెళ్ళికి పిలిస్తే రాలేదు. ఆ తల్లి మునిలక్ష్మమ్మకు ఇచ్చిన మాట కోసం నోరు మూసుకున్నాను. ఆమె పోయినా చెప్పకూడదనే అనుకున్నాను. నువ్వు ఉండనివ్వలేదు.

స్టూడియో మూసినా నెగెటివులు పారేయలేదు. ఆమెది దొరికింది. పెన్సిలు గీతలు పైపైనే ఉంటాయి. దూదికి కాస్త స్పిరిటు అద్ది తుడిస్తే పోతాయి, అమ్మవారి మచ్చలు పైకి వస్తాయి. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి నీ భార్యను ఉన్నది ఉన్నట్టు నీకు పంపిస్తాను. గోడకు అదే పెట్టుకో. తుడవమని ఒక్క మాట రాస్తే చాలు.

అమృతరాజు


రాబర్ట్‌సన్‌పేట
20 సెప్టెంబరు 2022

ఆదినారాయణప్పకు,

నెల దాటింది. అవునో కాదో రాయడానికి నీకు ఎన్ని మాటలు కావాలి? నెగెటివు బల్ల మీదే ఉంది. వినుత పంపిన అసలు ఫోటోలు కూడా నా దగ్గర ఉన్నాయి. నువ్వు చెప్పేదాకా ఒకటీ ముట్టుకోను.

అమృతరాజు


కామసముద్రం
3 అక్టోబరు 2022

అమృతరాజుకు,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. అందుకే ఆలస్యమైంది.

ముందు ఆకుల సంగతి. అచ్చు కాగితాలు చూసి నేను బాగున్నాయి అన్నమాట నిజం. ఏ ఆకుకు ఎక్కడ మచ్చో నాకు గుర్తు. కాగితం మీద లేని మచ్చలు కూడా నాకు కనిపించాయి. అది నా తప్పు. పదిమంది ముందు పాపన్నకు చెప్పాను. తప్పు నీదీ ఉంది. నువ్వు వచ్చి అతనికి చెప్పాలి. నేను చెబితే సరిపోదు.

పుస్తకం మళ్ళీ పెట్టాలి. వచ్చే నాటుకు ముందే కావాలి. సంఘం కంప్యూటర్లో ఇంటర్నెట్లో ఊరికే వచ్చేదన్నావే, ఆ సాఫ్ట్‌వేరే పెట్టు. బాడుగది వద్దు. నీ మీట ఉన్నదీ వద్దు. ప్రతిదీ ఓపికగా చేత్తో చేసుకోవాలన్నావు, అదే మేలు. వినుత నేర్చుకుంటానంది. నువ్వు కత్తిరించి కొలత మాత్రం సరిచేయి. రంగు ముట్టుకోవద్దు. నేను పక్కన కూర్చుని ఒక్కొక్క ఆకూ చూస్తాను. ఒక్క మచ్చ తగ్గినా లేచి వెళ్ళిపోతాను.

ఇంగ మునిలక్ష్మమ్మ సంగతి.

సాయంత్రం దీపం పెట్టాక ఆమె ఆ పటం ముందు కాసేపు నిలబడేది. ప్రతిరోజూ. దుమ్ము చూస్తోందనుకునేవాణ్ణి. నేను ఆ పటం వైపు చూసేవాణ్ణి కాను. అటు పోవలసి వస్తే ముఖం తిప్పుకునేవాణ్ణి. ఆమె అది చూసే ఉంటుంది. పటంలో ముఖం కూడా నాకు నచ్చలేదని అనుకుందో, ఏమనుకుందో. ఆమె చెప్పలేదు. నేను అడగలేదు. అడిగితే చెప్పేదేమో. ముప్పై ఆరేళ్ళు నేను నీతో మాట్లాడకపోవడం కూడా ఆమె చూసింది. ఎందుకని ఆమె అడగలేదు. నేను చెప్పలేదు. మా ఇద్దరివీ తక్కువ మాటలు.

నీ మీద కోపం పోయిందని రాయలేను. నాకు చెప్పకుండా ఉండమని ఆమె నిన్ను అడగవలసి వచ్చింది. ఆ కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియడం లేదు. పాపన్న అరెకరం పోయిన కోపం మాత్రం నీ మీదే ఉంది.

నీ ఉత్తరం వచ్చాక మొదటిసారి ఆ పటం గోడ మీంచి దించి, వెలుతురులో పెట్టుకుని, సరిగ్గా చూశాను. కళ్ళు ఆమెవే. నవ్వు ఆపుకున్నట్టున్న పెదవీ ఆమెదే. మిగతాది ఆమె చూసుకోవాలనుకున్న ముఖం.

నెగెటివు తుడవవద్దు. పెన్సిలు అలాగే ఉండనీ.

బుధవారం వస్తావా, గురువారం వస్తావా? పాపన్నను ఇంట్లో ఉండమనాలి. వెంటనే జవాబు రాయి.

ఆదినారాయణప్ప