నేను దిగితే కదిలే కారు

కోట

గిరి బావకు,

ఫోను ఎత్తడం లేదని కోపంగా ఉంటావు. ఫోనులో నువ్వు నన్ను ఒక్క మాట పూర్తిచేయనివ్వవు. కాగితం మీదైతే అడ్డం రాలేవు గదా, అందుకే రాస్తున్నాను. కూర్చుని చదువు.

ఆ పాత ఎర్ర కారును చెన్నై నుంచి లారీ మీద తెచ్చిన రోజు నీకంటే నేనే ఎక్కువ సంబరపడ్డాను. రెండే సీట్లు, పైన కప్పు లేదు, మనిద్దరి కోసమే చేసినట్టుందని మురిసిపోయాను. రొయ్యల మేత బస్తాలు బయటపెట్టి షెడ్డు కడిగింది నేనే. నువ్వు కార్బురేటర్ విప్పితే పక్కన కూర్చుని టార్చి పట్టింది నేనే. ప్లగ్గులు మార్చావు, కాయిల్ మార్చావు, పెట్రోలు పంపు విప్పి మళ్ళీ బిగించావు. ఒక్కడివే అల్లూరు వీధుల్లో తిరిగొస్తే దానికి ఏ రోగమూ లేదు. నన్ను ఎక్కించుకుని దూరం పోయినప్పుడే దగ్గి దగ్గి ఆగిపోయేది. నువ్వు బానెట్ ఎత్తి తిట్టుకునేవాడివి. ఎండ ముదురుతోందని నన్ను ఆటో ఎక్కించేవాడివి. నేను ఇల్లు చేరీ చేరకముందే కారు వెనకే వచ్చేసేది.

రిపేరు చేతకాలేదని చెప్పుకోవడానికి నీకు నామోషీ. అందుకే నీ స్నేహితులు అడిగితే, "మా కామాక్షి ఎక్కిందంటే చాలబ్బా, అలిగి ఆగిపోద్ది. దిగితే కదులుద్ది" అన్నావు. అందరితో పాటు నేనూ నవ్వాను. ఆ తర్వాత మన గుంటల్లో తెల్లమచ్చ తెగులు వచ్చి రొయ్యలన్నీ పోయాయి. అప్పుడు ఆ మాట కారు దిగి గుంటల్లోకి వచ్చింది. కొత్తగా రొయ్య పిల్ల వదిలే రోజు నేను పళ్ళెంలో పసుపు కుంకుమ సర్దుకుంటుంటే అత్త వచ్చి, "నువ్వు గుంటల కాడికి రామాకమ్మే. నీ కాలు సంగతి మావాడే చెప్తన్నాడు గదా" అంది. పరాయి అత్త కాదు, నాన్నకు తోడబుట్టింది. నాకు నడక నేర్పింది ఆమే. నువ్వు పక్కనే చెప్పులు తొడుక్కుంటున్నావు. తలెత్తలేదు.

నేను కోటలో అక్కింటికి పోతానంటే కారులో దింపుతానన్నావు. ఆ రోజూ ఆగింది. ఇంజను వేడెక్కిందేమోనని నువ్వు నీళ్ళకు పోయి వచ్చేసరికి నేను దిగి నిలబడి ఉన్నాను. తాళం తిప్పగానే స్టార్టయింది. "చూసినావా, దిగినావు, కదిలింది" అని నవ్వావు. ఆ నవ్వు విన్నాకే నేను బస్సెక్కాను.

నాకు కావలసింది ఒక్కటే. అత్త ముందు నిలబడి, "కాలూ లేదు గీలూ లేదు, నాకు రిపేరు చేతకాలేదు" అని చెప్పు. కారు బాగుచేసుకోకముందే చెప్పు. మరునాడే వచ్చేస్తాను.

నీ మరదలు,
కామాక్షి

అల్లూరు

కామాక్షీ,

నీ ఉత్తరం చదివి షెడ్డులోకి పోయినవాణ్ణి, కారు అంతు తేల్చాకే బయటికి వచ్చాను. దొరికింది! పెట్రోలు ట్యాంకు మూతకు సన్నటి రంధ్రం ఉంటుంది. పెట్రోలు ఖర్చయ్యేకొద్దీ అందులోంచి గాలి లోపలికి పోవాలి. ఉప్పుగాలికి ట్యాంకు తుప్పు పడుతుందని, గుంటల దగ్గర మోటార్లకు పెట్టినట్టే నేను దానికీ సీలు ముద్ద పెట్టి మూసేశాను. గాలి ఆడక, కొంత దూరం పోయేసరికి పెట్రోలు రాదు. కాసేపు ఆగితే ఎలాగో కొంచెం గాలి దూరి మళ్ళీ నడుస్తుంది. ఊళ్ళో తిరిగినంతసేపూ ఏమీ తెలియదు. ముద్ద ఊడగొట్టి నెల్లూరు దాకా పోయొచ్చాను. ఎక్కడా ఆగలేదు.

అమ్మ చేతికి ఆ మూత ఇచ్చి, "తప్పు కామాక్షిది కాదుమా, దీనిది" అని విడమరిచి చెప్పాను. "అట్టయితే పిల్లను పిల్చుకురారా" అంది. ఇంక నిన్ను ఎవరూ ఏమీ అనరు. ఆదివారం కారులోనే వస్తున్నాను. మొహం మాడ్చుకోకుండా తయారుగా ఉండు.

నీ గిరి

కోట

గిరిబాబుకు,

ఆదివారం రావద్దు. నేను ఇక అల్లూరు రాను.

అత్తకు మూత చూపించావు. నేను అడిగింది అది కాదు. మూత దొరికింది కాబట్టి నా కాలు మంచిదైంది. దొరక్కపోయి ఉంటే? మళ్ళీ గుంటల్లో తెల్లమచ్చ వస్తే అత్త చేతికి ఏ మూత తెచ్చిస్తావు?

ఒక సంగతి చెప్పి ముగిస్తాను. కోటకు బయల్దేరిన రోజు నువ్వు నీళ్ళకు పోయాక, పెట్రోలు ఉందో లేదో చూద్దామని నేను ట్యాంకు మూత తిప్పాను. ఉస్సుమని గాలి పీల్చుకుంది. తాళం బండికే ఉంది. తిప్పితే ఇంజను లేచింది. ఆపేసి మూత తడిమితే నీ సీలు ముద్ద గోటికి తగిలింది. గుంటల గట్టున ఇంతకాలం బతికినదాన్ని, అది ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో నాకు తెలియదా? జడపిన్నుతో గీకితే ఊడిపోయేది. గీకలేదు. కారు అలా ఆగిపోతూ ఉండగానే నువ్వు నా పక్షాన ఒక్క మాట మాట్లాడతావేమోనని, మూత మళ్ళీ బిగించి, రోడ్డు పక్కన నిలబడ్డాను.

నువ్వు వచ్చి నవ్వావు. ఉత్తరం రాస్తే షెడ్డులోకి పోయావు.

కామాక్షి