విడిపోయిన ఇనుము

హైదరాబాదు,
4 అక్టోబరు 1992

ప్రియమైన శ్రీవారికి,

పాపకు జ్వరం తగ్గిందని చదివాక ప్రాణం కుదుటపడింది. మద్దేడ్‌లో అత్తమ్మ దగ్గర దానికి లోటుండదు. అయినా రెండేళ్ల పిల్లను వదిలి వచ్చి పది నెలలైంది.

ఒక మంచి కబురు. సమేరియం అనే అరుదైన లోహాన్ని ఇనుముతో కలిపి, పొడి చేసి, నైట్రోజన్‌లో వేడి చేస్తున్నామని రాశాను కదా. ఆ వాయువు లోపల చేరాక, అటూ ఇటూ తేలిగ్గా తిరిగే అయస్కాంత శక్తి ఒకే దిశ పట్టుకుని నిలబడాలి. మొన్నటి పొడి అనుకున్నదానికంటే బలంగా లాగింది. నా పరిశోధన చూసే సారు వచ్చే నెల సభలో దాన్ని గురించి చెబుతారట. మార్చికల్లా నా పని పూర్తయితే దంతెవాడ కాలేజీలో ఉద్యోగం వస్తుంది. ముగ్గురం ఒకచోట ఉంటాం.

మీ నాగేశ్వరి

గని కాలనీ, దంతెవాడ
15 అక్టోబరు

ప్రియమైన నాగేశ్వరికి,

మా ల్యాబులో ఖనిజం పరీక్షిస్తూనే నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తోటివాళ్లకు హిందీలో చదివి వినిపించాను కూడా. మార్చికి కుటుంబం క్వార్టర్ కావాలని దరఖాస్తు ఇచ్చేశాను.

నీ అప్పయ్య

హైదరాబాదు,
2 నవంబరు

ప్రియమైన మీకు,

ఇది ఎవరికీ వినిపించకండి. మొదట పెద్ద అయస్కాంతం పక్కన పెట్టి, ఆ పొడి లాగే బలం ఒక్కటే కొలిచాం. ఆ అయస్కాంతాన్ని తీసేశాక పొడిలో శక్తి ఎంత నిలుస్తుందో నిన్న చూశాను. దాదాపు ఏమీ లేదు. కొలిమిలో వేడి కొలిచే తీగ జారి ఉంది. వేడి హద్దు దాటి, సమ్మేళనం చెదిరి, ఇనుము విడిపోయింది. అంత బలంగా లాగింది ఆ ఉత్త ఇనుమే. తీగ సరిచూడాల్సింది నేనే. సారు ఇరవయ్యో తేదీన సభకు వెళ్తారు. చెబితే మార్చి ఆశ పోయినట్టే. ఏం చేయను?

నాగేశ్వరి

గని కాలనీ,
10 నవంబరు

నాగేశ్వరీ,

చెప్పకు. సభ కానివ్వు, తర్వాత మెల్లగా సరిచేసుకోవచ్చు. నిన్న మద్దేడ్ వెళ్లాను. పాప మా అమ్మనే "అమ్మా" అని పిలుస్తోంది. "నేను నాయనమ్మను బిడ్డా" అని ఎంత చెప్పినా వినదు. "ఏందిరా అప్పయ్యా, ఈ పిల్లకు తల్లిని ఎప్పుడు చూపిస్తవ్?" అని అమ్మ అడిగింది.

అప్పయ్య

హైదరాబాదు,
21 నవంబరు

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం పదిహేడున అందింది. అంతకు ముందురోజే సారుకు చెప్పేశాను. ఆయన చాలాసేపు కాగితాలు తిప్పుతూ కూర్చున్నారు. తర్వాత సభకు రావడం లేదని టెలిగ్రామ్ పంపారు. నన్ను తిట్టలేదు, కానీ అప్పటి నుంచి మాట్లాడడం లేదు. అంతా మొదటి నుంచి చేయాలి. ఇంకో ఏడాది పడుతుంది.

మీ ఉత్తరం ఒక రోజు ముందు వచ్చి ఉంటే మీ మాట వినేదాన్నేమో. ఆ భయం నన్ను వదలడం లేదు. పాప సంగతి రాసిన చోటు రెండోసారి చదవలేకపోయాను.

మీ నాగేశ్వరి

గని కాలనీ,
1 డిసెంబరు

ప్రియమైన నాగేశ్వరికి,

రోజూ ఖనిజం పరీక్షించి ఉన్నది ఉన్నట్టు రాసేవాణ్ని, నీకు దాచమని రాశాను.

క్వార్టర్ ఇంకెవరికైనా ఇమ్మన్నాను. సెలవు దొరికింది. అమ్మనూ పాపనూ తీసుకుని వచ్చే బుధవారం, తొమ్మిదో తేదీన, గీదంలో హైదరాబాదు బస్సెక్కుతున్నాను. నీకు దగ్గరలో ఒక గది చూడు. నీ పని అయ్యేదాకా వాళ్లు అక్కడే ఉంటారు. అమ్మను ఒప్పించాల్సి వస్తుందనుకున్నాను. "కోతలు అయినయ్ గదా, ఇక్కడ నాకేం పని" అని తనే మూట కట్టింది.

నిన్ను చూడగానే పాప మా అమ్మ వెనక దాక్కుంటుంది. నొచ్చుకోకు. పిలవకుండా పక్కన కూర్చో.

అప్పయ్య