బిట్‌లో రాని ప్రశ్న

బయాలజీ సారూ,

మీరు పోయి నేటికి ఏడాది. మనిషి ఒంట్లోని కణాల రకాలన్నిటికీ దేశదేశాల శాస్త్రవేత్తలు కలిసి పటం గీస్తున్నారు. మీరుంటే సిలబస్ పక్కన పడేసి వారమంతా అదే చెప్పేవారు. దిల్‌సుఖ్‌నగర్‌లో మన కోచింగ్ సెంటర్‌కు మాత్రం అదొక బిట్: ఎన్ని దేశాలు కలిశాయి? జవాబు ‘సి’. ఛీ, మీ చోట నిలబడి బట్టీ పట్టించింది నేనే. మీ మైక్రోస్కోపు పాత ఫ్లెక్సీల కింద పడి ఉంది.

నిన్న క్లాసులో మన్సూరాబాద్ నుంచి వచ్చే అమ్మాయి లేచింది. “సార్, మా నాయన లివర్ ఖరాబైంది. అండ్ల ఏ కణాలు పోయినయో గా పటంల తెలుస్తదా?”

“గది బిట్‌ల రాదు, కూసో” అన్నాను.

ఆమె కూర్చుంది.

మీ దగ్గర చదివేటప్పుడు, పక్కవాడు ప్రశ్న అడిగితే ఇదే మాటన్నందుకు మీరు నన్ను క్లాసులోంచి బయటికి పంపారు. నిన్న నన్ను పంపేవాళ్లు లేరు, సార్. గంట కొట్టేదాకా పాఠం చెప్పాను.