ఇండియా వెళ్ళిపోయిన మాండలిన్

10 మార్చి 1997, సోమవారం

మా ఆయన్ని వాళ్ళ ఆఫీసరు వెండెల్ దొర మళ్ళీ పిలిచాడట. గురు, శుక్రవారాలు ఉమ్ సయీద్ అవతల ఇసుక దిబ్బల దగ్గర గుడారాలు వేసుకుని పాటల పండగ. ఈ గల్ఫ్ దేశంలో ఉన్న అమెరికా వాళ్ళు ఏటా చేస్తారు. బ్లూగ్రాస్ అంటే వాళ్ళ కొండ ఊళ్ళ పాటలట. బాంజో, ఫిడేలు, గిటారు, మాండలిన్, అంతే. డ్రమ్ములుండవు. పిల్లలతో సహా రమ్మన్నాడు. జడ్సన్, నీ మాండలిన్ తప్పకుండా తేవాలి అన్నాడట.

చిక్కంతా ఆ మాట దగ్గరే.

అక్టోబరులో వర్క్‌షాపులో మా ఆయన ఎడమ చెయ్యి ఇనుము కింద నలిగింది. అప్పట్నుంచీ మధ్యవేలు, ఉంగరపు వేలు వంగడం లేదు. ఆయన ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్. ఆవగింజంత స్క్రూలు తిప్పే పని. ఈ ఆదివారం కంపెనీ మెడికల్ ఉంది. ఫిట్ అంటే కాంట్రాక్టు. అన్‌ఫిట్ అంటే నెల తిరక్కుండా నలుగురం పెట్టెలు సర్దుకోవాలి. ఈయన పని ఎలా ఉందో ఆ డాక్టరుకి రిపోర్టు రాసిచ్చేది వెండెల్ దొరే. మెడికల్‌కి రెండు రోజుల ముందు ఆ దొర ఎదుట కూర్చుని, వేళ్ళు రాక మాండలిన్ కింద పెట్టేస్తే ఇంకేముంది.

వద్దన్నాను. వెళ్ళకపోతే అసలే బాగోదన్నాడు ఆయన. అదీ నిజమే.

11 మార్చి, మంగళవారం

డాక్టరిచ్చిన రబ్బరు బంతి కోసం ఇల్లంతా వెతికాను. రోజుకి మూడొందల సార్లు నొక్కమని ఇచ్చిన బంతి. చూస్తే రిచర్డ్ దాంతో మెట్ల మీద క్రికెట్ ఆడుతున్నాడు. ఎప్పట్నుంచిరా ఇది నీ దగ్గరుందీ అంటే, క్రిస్మస్ నుంచి, డాడీయే ఇచ్చేశారు అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. అన్నం దగ్గర దులిపేశాను. మీ వేళ్ళు మీకక్కర్లేకపోతే నాకూ పిల్లలకీ కావాలండీ అన్నాను. ఆయన పప్పు కలుపుకుంటూ, చూద్దాంలే సుకుమారీ, అన్నాడు. పెళ్ళయి పద్నాలుగేళ్ళు. ఈ చూద్దాంలే తోనే కాపురం చేస్తున్నాను.

12 మార్చి, బుధవారం

మాండలిన్ పెట్టెని బీరువా మీద, సూట్‌కేసు వెనక్కి తోసేశాను. పైన దుప్పటి కప్పాను. ఎవరైనా అడిగితే నేను చెప్పుకుంటాను.

పులిహోర, కోడి వేపుడు, చేగోడీలు, ఆవకాయ సీసా, కుక్కరు, చాపలు. చిన్నప్పుడు భీమవరంలో చర్చి కన్వెన్షన్‌కి వెళ్ళి మూడు రోజులు పందిట్లో పడుకోవడానికి అమ్మ ఎలా సర్దేదో అలాగే సర్దాను. గుడారాలు నాకేం కొత్త కాదు.

మన్సూరా నుంచి రాజ్ కిరణ్ బ్రదర్ ఫోన్. మా శుక్రవారం ప్రార్థన కూడిక ఆయన ఫ్లాట్‌లోనే జరుగుతుంది. ఈస్టరు ముందు శ్రమల దినాల్లో ఈ పాటలేమిటమ్మా, పైగా ఆరాధన మానేసి, అని నసిగాడు. గుడారంలోనైనా సరే తొమ్మిదింటికి ప్రార్థన చేసుకుంటామని మాటిచ్చాను.

13 మార్చి, గురువారం, సాయంత్రం 5

రోడ్డు అయిపోయిన చోట మా కరోలా వదిలేసి, సామానంతా వెండెల్ దొర పెద్ద బండిలోకి ఎక్కించాం. దిబ్బ ఎక్కి దిగేసరికి నా ప్రాణాలు పోయాయి. పిల్లలు మళ్ళీ మళ్ళీ అన్నారు.

ఇరవై గుడారాల దాకా ఉన్నాయి. ఎదురుగా సముద్రం. వాళ్ళు కుర్చీల్లో, మేం చాపల మీద. బాంజో వాయించే గడ్డం ఆయన ఎవరో నా చేగోడీల డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఇంక ఇవ్వలేదు. పులిహోరలో ఇసుక పడింది. అయినా అందరూ తిన్నారు.

నాలుగున్నరకి వచ్చింది గండం. దొరగారి భార్య క్యారల్ మా చాప మీద కూర్చుంది. చేతిలో చిన్న టేప్ రికార్డరు, పాటలు ఎక్కించుకుంటోంది. మాండలిన్ ఏదీ అంది. ఇండియా పంపేశాం, రిపేరుకి, అన్నాను. ఎవరితో పంపావంది. మా తమ్ముడితో అన్నాను. నాకు తమ్ముడు లేడు. మాకు మావయ్య ఉన్నాడా అన్నట్టు తెరెసా నా మొహంకేసి చూసింది. కాలు తొక్కాను. ఆయన గబుక్కున సముద్రం వైపు తిరిగిపోయాడు. భుజాలు కదిలాయి. పాపం, ఏడుస్తున్నాడనుకున్నాను. నాకూ ఏడుపొచ్చింది.

అదే రోజు, 6.30

ఎంత గట్టిగా పాడుతున్నారో. మేం మన్సూరాలో కిటికీలు మూసి, ఏసీ పెద్దది చేసి, గొంతు తగ్గించి పాడతాం. ఈ దేశంలో చర్చికి అనుమతి లేదు, పాట గోడ దాటకూడదు.

14 మార్చి, శుక్రవారం, పగలు 11

గబగబా రాస్తున్నాను, రాత ఎలా వస్తే అలా వస్తుంది.

తొమ్మిదింటికి నలుగురం గుడారంలో కూర్చున్నాం. జిప్పు వేసేశాను. నిన్నటి అబద్ధాన్ని ఒప్పుకోకుండానే కళ్ళు మూసుకున్నాను. ప్రార్థన అయింది. కీర్తన ఎత్తుకున్నాను. శ్రుతి కుదరలేదు. మళ్ళీ ఎత్తుకున్నాను. రిచర్డ్ కిసుక్కున నవ్వాడు. అప్పుడు ఆయన చాపచుట్టలో చెయ్యి పెట్టి పాత తువ్వాలు బయటికి లాగాడు. తువ్వాల్లో మాండలిన్.

నేను బీరువా మీద దాచింది ఉత్త పెట్టె.

వాయించాడు. నేను పాడలేదు. పాట వినలేదు కూడా. వేళ్ళు చూశాను. మధ్యవేలు కర్రలా అలాగే ఉంది. దాన్ని పక్కన పెట్టేసి చూపుడువేలు, చిటికెనవేలుతో లాక్కొస్తున్నాడు. రెండో చరణంలో ఉంగరపు వేలు వంగింది. వంగి, తీగ మీద ఆనింది. మళ్ళీ వంగింది. దేవా, నేను ఇంకేం అడగను అనుకున్నాను. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. తెరెసా పాడుతూనే నా వీపు రాసింది.

మూడో చరణంలో బయట ఫిడేలు కలిసింది. మన కీర్తన వాళ్ళకెలా వచ్చు. వచ్చి కాదు, వింటూ పట్టేసుకుంటున్నారు. రిచర్డ్ జిప్పు తీశాడు. వెండెల్ దొర గడ్డం కింద ఫిడేలు, పక్కన క్యారల్, వెనక చేగోడీల ఆయన. మీ తమ్ముడు అప్పుడే తిరిగొచ్చాడే అంది క్యారల్.

ఇసుకలో కూరుకుపోవాలనిపించింది. వచ్చీరాని ఇంగ్లీషులో ఉన్నదంతా చెప్పేశాను. వేలు, మెడికల్, భయం, అన్నీ. దొర మా ఆయన ఎడమ చెయ్యి పట్టుకుని, సంతలో గేదె పళ్ళు చూసినట్టు ఒక్కో వేలూ వంచి చూశాడు. ఆదివారం డాక్టరు దగ్గరికి ఈ మాండలిన్ కూడా పట్టుకెళ్ళు జడ్సన్, నా కళ్ళతో చూసింది రిపోర్టులో రాస్తాను, అన్నాడు.

జనవరి నుంచి మాండలిన్ కారు డిక్కీలోనే ఉందట. లంచ్ టైములో కారులో కూర్చుని రోజూ అరగంట. బంతి నొక్కితే వేళ్ళకి బుద్ధి రావడం లేదు, దీనికైతే సిగ్గుపడి కదులుతున్నాయి అన్నాడు ఈయన. నాకెందుకు చెప్పలేదండీ అన్నాను. వంగకపోతే నువ్వు కూడా చూడ్డమెందుకు, నేనొక్కణ్ణే చూసుకుంటే చాలనుకున్నా అన్నాడు. తిట్టాను. బాగా తిట్టి, మిగిలిన పులిహోర పెట్టాను.

తర్వాత కీర్తన ఇంకోసారి, బయట, అందరి మధ్యా. గొంతు ఎంత పెంచొచ్చో తెలియక మొదటి చరణం గుసగుసగానే పాడాను. రెండోది గట్టిగా పాడాను.

16 మార్చి, ఆదివారం, పగలు 1

ఏడింటికి వెళ్ళాడు, మాండలిన్ పెట్టె పట్టుకుని. ఇంకా ఫోన్ లేదు.

అదే రోజు, 2.10

ఫిట్.

ఈజిప్టు డాక్టరట. బొత్తాలు పెట్టించాడు, స్క్రూలు తిప్పించాడు, మొహం పెద్దగా వెలగలేదట. ఆ పెట్టెలో ఏముందన్నాడు. యల్లా, కానీ, వాయించు అన్నాడు. నర్సులు తలుపు దగ్గర చేరారట. మూడు నెలలు లైట్ డ్యూటీ, తర్వాత మామూలే. కాంట్రాక్టు రెండేళ్ళు. ఫోన్ పెట్టేసి వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను. హాయిగా ఉంది. అన్నం మాడింది, మాడనీ.

29 మార్చి, శనివారం

క్యారల్ క్యాసెట్ పంపింది. మొదటి పాట తర్వాత నా గొంతు. ఇండియా పంపేశాం, మా తమ్ముడితో. ఆ వెంటనే, పక్కనుంచి ఆయనది, ఆపుకోలేని చిన్న చప్పుడు. ఏడుపు కాదు.

రివైండ్ చేసి మళ్ళీ విన్నాను. నవ్వే.