పది దాటితే చప్పుడు చేయరాదు

ఫిబ్రవరి 3

మళ్ళీ డీజే. పెళ్ళి ఊరేగింపు మా సందులోంచే పోవాలా? కిటికీ అద్దాలు గజగజలాడాయి. అమ్మ మంచం మీద లేచి కూర్చుని గుండె పట్టుకుంది. బీపీ మాత్ర ఇచ్చి వీపు నిమురుతూ కూర్చున్నా. "మన తల్లాడలనే నయముండె. నీ ఎంబడి అడవికొస్తే గిదా?" అడవి కదా, నిద్రకు లోటుండదనుకుంది పాపం. పోస్టింగ్ ఆర్డరు చేతికొచ్చిన రోజు నేనూ అదే అనుకున్నా.

పంచాయతీ కార్యదర్శి ఇంటి ముందే ఇలా మోగితే ఇక ఊళ్ళో రూలు ఎవడికి? సిగ్గేసింది. కోపం అంతకంటే ఎక్కువ.

ఫిబ్రవరి 5

సర్పంచ్ సమ్మక్కతో మాట్లాడా. గూడెం నుంచి చేల గట్ల మీదుగా నడిచొచ్చింది, చెప్పులు చేత్తో పట్టుకుని. నన్ను మేడం అంటుంది, నువ్వూ అంటుంది, రెండూ కలిపి. నాకు అదే బాగుంటుంది.

"రూలు రాయి మేడం, సంతకం నేను పెడ్త. మా గూడెం దాక ఇనవడ్తది ఆ డీజే. కోళ్ళు గుడ్లు పెడ్తలేవు."

నవ్వాపుకోలేకపోయా. ఆమె నవ్వలేదు, నిజమేనట.

ఫిబ్రవరి 9

గ్రామసభలో తీర్మానం అయిపోయింది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా చప్పుడు చేయరాదు — మైకు, డీజే, బాణసంచా, డప్పు, డబ్బా, మరే ఇతర వస్తువుతోనైనా... ఎవడూ సందు వెతుక్కోకుండా అన్నీ కలిపేశా. చదువుతుంటే నా డ్రాఫ్టు నాకే ముచ్చటేసింది. అందరూ చేతులెత్తారు, గూడెం వాళ్ళు కూడా. శ్రీను ఒక్కడే ఎత్తలేదు. డీజే బండి అతనిది మరి.

ఫిబ్రవరి 14

శ్రీనుకి జరిమానా. బాక్సులు ఆఫీసు మూలన పడున్నాయి. అమ్మ తెల్లారేదాకా కదలకుండా పడుకుంది. ఎన్నాళ్ళకో.

ఫిబ్రవరి 17

శ్రీను వచ్చాడు. పిలవకుండానే కుర్చీ లాక్కున్నాడు. ఫోన్లో రికార్డింగ్ పెట్టాడు... రేకు డబ్బా మీద కర్ర దెబ్బలు, మధ్యలో పెద్ద కూత. గూడెం మల్లయ్య. మొక్కజొన్న చేలో మంచె మీద కూర్చుని అడవి పందులను తోలుతున్నాడు.

"గిదేంది మేడం? పది దాటింది కదా. డబ్బా అని మీరే సదివిన్రు. మాకో రూలు, గూడెపోళ్ళకో రూలా?"

పందులు కంకులు తినేస్తాయి కదా అన్నా.

"మీ రూలుల పందులున్నయా?"

నాకెప్పుడూ ఇంతే, జవాబు ఇంటికొచ్చి అన్నం తింటుంటే తడుతుంది. ఇవాళ అదీ తట్టలేదు.

ఫిబ్రవరి 18

మల్లయ్యకు నోటీసు ఇచ్చా. ఇవ్వకపోతే శ్రీను పై ఆఫీసుకు వెళ్తాడు. చట్టం అందరికీ ఒకటే కదా — దారి పొడుగునా ఇదే జపం.

మల్లయ్య చదివించుకున్నాడు. మడిచి తలపాగాలో దోపుకున్నాడు.

"సప్పుడు చెయ్యొద్దు. గంతే కదా?"

"పది తర్వాత."

"మంచిది మేడం."

వాదించలేదు. వాదిస్తాడని రెండు మాటలు సిద్ధం చేసుకుని వెళ్ళా, అవి నా దగ్గరే ఉండిపోయాయి.

ఫిబ్రవరి 21

గూడెం వైపు నిశ్శబ్దం. నోటీసు ఒక్కడికి — అందరూ మానేశారు. ఒక్క మంచె మీద నుంచి కూడా కూత లేదు. నా మాటకు ఇంత విలువా అనుకున్నా. కొంచెం గర్వం కూడా.

ఫిబ్రవరి 26

సమ్మక్క సంతకాలకు వచ్చింది. పంట ఎలా ఉందని అడిగా.

"మంచిగనే ఉంది."

"పందులు రావట్లేదా?"

"వస్తలేవు."

"డబ్బాలు కొట్టకుండా ఎలా ఆగాయి?"

కాగితం మీంచి తలెత్తలేదు. "ఆగినయి తీ." ఇంకో కాగితం లాక్కుంది.

మార్చి 2

గూడెం దారిలో, గట్టు మీద కుక్క చచ్చి పడి ఉంది. ఎక్కడా గాయం లేదు. ముందు కాలి మీద మాత్రం వెంట్రుకలు కాలి నల్లటి గీత. పక్క చేను చుట్టూ వెదురు గూటాలు, మోకాలెత్తున, వరసగా. ఖాళీ గూటాలు. ప్రతి దానికీ పైన చిన్న గాడి.

ఇంటికొచ్చి బియ్యం కడుగుతుంటే అర్థమైంది. ఆ గాడిలో తీగ పెడతారు. తీగకు కరెంటు ఇస్తారు.

బియ్యం పొయ్యి మీద పెట్టడం మరిచిపోయా. అమ్మ అడిగేదాకా అలాగే నిలబడి ఉన్నా.

మార్చి 3

లైన్‌మన్‌ను పిలిచా. తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"ఎవలదని చెప్పమంటరు మేడం? పొద్దుగూకినంక లైనుకు కొక్కెం తగిలిస్తరు, మంచిగ తెల్లారినంక తీసేస్తరు. నేను పోయేసరికి ఏముంటది?"

"ఎన్ని చేలకు?"

"ఒగల్ని సూసి ఒగలు."

"రాత్రిళ్ళు లైను ఆపలేవా?"

"దవాఖానా గూడ గా లైను మీదనే ఉంది."

డబ్బా కొడితే పంది పారిపోయేది. దానికీ ప్రాణం దక్కేది, మనకీ పంట దక్కేది. తీగకు పంది ఏదో మనిషి ఏదో తెలియదు.

మార్చి 4

నిద్ర లేదు. పక్క మంచం మీద అమ్మ గురక.

మార్చి 6

మల్లయ్య చేనుకు వెళ్ళా. నీళ్ళు కడుతున్నాడు. మంచె నిచ్చెన తీసి పక్కన పడేసి ఉంది.

"నీ చేలో తీగ ఉందా?"

"ఏ తీగ?"

"మనుషులు చస్తారు మల్లయ్యా!"

మడవ మూసి నడుం నిలబెట్టాడు. "సప్పుడు చేస్తున్ననని నోటీసు ఇచ్చిన్రు. ఇప్పుడు సప్పుడు చేస్తలేనని ఇస్తరా?"

కోపంతో అన్లేదు. కోపంగా అని ఉంటే తిరిగి అరిచేదాన్ని. ఉత్తగా అడిగాడు, నా మొహంలోకి చూస్తూ.

మార్చి 8

ఇంకొన్నాళ్ళలో ఇప్పపువ్వు రాలుతుందట. ఇప్పచెట్లన్నీ చేల అవతల, అడవి అంచున. పువ్వు రాత్రంతా రాలుతుంది. పశువులు మేసేయకముందే ఏరుకోవాలి. అందుకని గూడెం ఆడవాళ్ళు చీకటితోనే గంపలతో బయల్దేరతారు, చంటిపిల్లలను కూడా చంకనేసుకుని. దారి ఆ గట్ల మీదుగానే.

తీగలు తీసేది తెల్లారాక.

ఇలా పక్కపక్కన రాస్తే గానీ నాకు కనపడలేదు.

మార్చి 9

పై ఆఫీసుకు రాసిచ్చా. మధ్యాహ్నం ఇద్దరొచ్చారు. గూటాలు చూశారు. "ఇవి సొరపాదులకు పెట్టుకున్నవి" అని ఎవరో చెప్పారు. సొరపాదు ఒక్కటీ లేదక్కడ. మజ్జిగ తాగి వెళ్ళిపోయారు.

మార్చి 11

మళ్ళీ గ్రామసభ పెట్టించా. తీర్మానం సవరించాం — పంట కాపలాకు డబ్బా, డప్పు, కూత, ఏ వేళైనా అభ్యంతరం లేదు. చదివాక ఊరుకోలేకపోయా. "దయచేసి మంచెలెక్కండి. మీకు దండం పెడతా." కార్యదర్శి మాట్లాడే భాష కాదది. పోనీ.

శ్రీను లేచాడు. "నా బాక్సులిస్తే నేనే పెడ్త మంచెల మీద." వేళాకోళమో నిజంగానే అన్నాడో తెలియదు. ఎవరూ నవ్వలేదు.

తీగ మాట ఒక్కరి నోటా రాలేదు. చివరికి సమ్మక్కే ఎత్తింది. "తీగలు తియ్యున్రి. మన ఆడోళ్ళు పోవాలె." మగవాళ్ళంతా నేల చూపులు. మల్లయ్య గడ్డి పరక తుంచుతూ కూర్చున్నాడు.

మార్చి 12

వరండాలో కూర్చుని చెవులు రిక్కించా. ఒక్క దెబ్బ... ఒక్క కూత...

"ఊరు ఎంత నిమ్మలంగుందే" అంటూ అమ్మ దుప్పటి కప్పుకుంది. ఆమె మీద పట్టరాని కోపమొచ్చింది. తనేం చేసిందని?

మార్చి 14

"ఎక్కరు మేడం" అంది సమ్మక్క. "ఇన్నేండ్లు మంచుల కూసోని దగ్గుకుంట కావలి కాసిన్రు. గిప్పుడు ఇంట్ల ఆలుపిల్లల కాడ పండుకుంటున్నరు. నిద్ర మరిగిన్రు. పైగ పంది పడ్తె ఇంటింటికి కూరాయె. మల్ల ఎవలెక్కుతరు?"

రూలు రద్దు చేయగలను. మరిగిన నిద్రను ఏం చేయను? నేను మాత్రం తక్కువ తిన్నానా. మా ఇంట్లో నిద్ర కోసమే కదా ఇదంతా.

మార్చి 17

పువ్వు రాలింది. వాసన ఆఫీసు దాకా వస్తోంది, తియ్యగా, కాస్త పులిసినట్టు. నిన్నటిదాకా ఇష్టమైన వాసన.

"రేపటి సంది పోతున్నం" అని చెప్పడానికే వచ్చింది సమ్మక్క. తెల్లారాక వెళ్ళండని బతిమాలా.

"తెల్లారినంక పసులకే. పువ్వు మనకోసం ఆగుతదా మేడం? ఆర్నెల్ల ఉప్పు, నూనె అండ్లకెల్లే." చేతిలో పొడుగాటి ఎండు వెదురు కర్ర. "ఇది ముంగట ఆడిచ్చుకుంట పోత, తీగుంటే తెలుస్తది. ముందు నేనే. సంతకం నాదాయె."

"రాసింది నేను."

అనేశా. వద్దంటుందేమోనని చూశా. అనాలని కూడా కోరుకున్నా, అబద్ధమెందుకు.

నా చెప్పులకేసి చూసింది. "అయితే నా ఎనక రా. అడుగుల అడుగెయ్యి. పక్కకు జరగకు. రబ్బరు బూట్లుంటే ఏస్కో."

వస్తూ వస్తూ మల్లయ్య ఇంటి ముందు ఆగా. రేపు పొద్దున నీ గట్టు మీదుగానే వస్తున్నాం, ముందు సమ్మక్క, వెనక నేను అని చెప్పా. పార కడుక్కుంటున్నాడు. విన్నాడు. పార బోర్లించి లోపలికి వెళ్ళాడు.

మార్చి 18, ఇంకా చీకటే

భయంగా ఉంది. బూట్లు ఇంటి ఓనరువి, నా కాళ్ళకు పెద్దవి. లోపల గుడ్డలు కుక్కా. అమ్మ మాత్రలు, నీళ్ళ చెంబు దిండు పక్కన పెట్టా. లేపలేదు. లేపితే వెళ్ళనివ్వదు... నేనూ ఆగిపోతా.

వచ్చారు. గేటు అవతల గంపలు తెలుస్తున్నాయి, మొహాలు తెలియడం లేదు. ఎవరి చంకలోనో పసిపిల్ల గునిసింది, వెంటనే ఊరుకోబెట్టారు. సమ్మక్క గొంతెత్తి పిలవలేదు. అమ్మ లేస్తుందని కాబోలు, గొళ్ళెం మీద వేలితో మెల్లగా తట్టింది.

వెళ్తున్నా.