పధ్నాలుగో ఫోటోలో బూట్లు

టానర్స్ కోవ్, నోవా స్కోషియా
సెప్టెంబరు 9

సినిమా అలంకరణ చూసే నోయెల్ పెట్రీ గారికి, షూటింగ్‌కి మీరు అద్దెకు తీసుకున్న ఇంటి యజమానురాలు రాస్తున్నది.

అయిదు వారాలు మా అక్క దగ్గర ఉండి నిన్ననే ఇంటికొచ్చాను. గోడలకు పూసిన పాచిరంగు పోయింది. వంటింట్లోంచి లేచి పైకప్పు దగ్గర ఆగిపోయే మెట్లు తీసేశారు. సంతోషం. లోపలికి మీరు వదిలిన పొగమంచు మాత్రం అల్మారాలో ఇంకా కొంచెం ఉంది.

అయితే మీ నటుడెవరో సామాను మరచిపోయాడు. గుమ్మంలో మగవాళ్ళ బూట్లు, కొక్కేనికి కోటు, కిటికీ పక్కన కుర్చీ, గట్టు మీద సగం తాగిన కాఫీ. నేను ఒంటరిదాన్ని. పక్కింటి వెర్నా కార్కమ్ బూట్లు చూసి, "ఏమే ఓర్ఫా, అక్క దగ్గరికి వెళ్ళానన్నావు. అక్కకి ఇంత పెద్ద పాదాలా?" అంది. దయచేసి తీసుకుపొండి.

నమస్కారాలతో,
ఓర్ఫా లాంజిల్

తా.క.: కప్పు బోర్లించినా కాఫీ కింద పడటం లేదు.


హాలిఫాక్స్
సెప్టెంబరు 14

గౌరవనీయులైన లాంజిల్ గారికి,

ఎవరూ ఏమీ మరచిపోలేదండి. మేం ఏ ఇంట్లోనైనా మేకు ముట్టుకునే ముందే మూలమూలా ఫోటో తీస్తాం. పని అయ్యాక ఫోటో చూసి, ఉన్నది ఉన్నట్టు సర్దుతాం. పాతవి దొరక్కపోతే అలాంటివే వెతికి తెస్తాం. మీకు తేడా కనబడిందంటే తప్పు మాదే. పధ్నాలుగో ఫోటో మళ్ళీ చూశాను. ఎడమ బూటు కుడిదానిమీద వాలి ఉండాలి, మావాళ్ళు నిలువుగా పెట్టారు.

ఆదివారం మీరు చర్చిలో ఉండగా మా గోర్డీ వచ్చి సరిచేశాడు. ముప్పై ఒకటో ఫోటో ప్రకారం పైజమా కూడా దండెం మీద ఆరేశాడు. ఫోటోలు రెండూ జత చేస్తున్నాను.

మన్నింపు కోరుతూ,
నోయెల్ పెట్రీ

తా.క.: కాఫీ జిగురుతో చేసింది. తాగకండి.


టానర్స్ కోవ్
సెప్టెంబరు 20

పెట్రీ గారికి,

మీ పైజమా రోడ్డు మీదికి కనబడుతోంది. సోమవారం పాస్టరు గారు యాపిల్ కేకు పట్టుకుని వచ్చి, "ఆయన పేరేమిటమ్మా?" అని మెల్లగా అడిగారు. ఇదంతా పెట్రీ గారి పని అన్నాను. ఆయన తలూపి, మీకూ నాకూ కలిపి ప్రార్థన చేసి వెళ్ళారు.

తరువాత మీ ఫోటోలు చూశాను. వెనక తేదీ ఉంది. మూడేళ్ళ కిందటిది. ఫోటోలో ఉన్న బూట్లూ కోటూ మా ఆయన ఏమోస్‌వి. కిందటి ఏప్రిల్‌లో పోయారు. వాటిని నా చేతులతోనే చర్చికి ఇచ్చేశాను. మీరు తెచ్చినవి వాటిలాంటివి. పోలికైతే బాగా కుదిరింది.

కోపం లేదు. ఒక్కటి అడుగుతాను. ఆయన కెమెరా ముందు నిలబడేవారు కాదు. నా దగ్గరున్నది డ్రైవింగ్ లైసెన్సు ఫోటో ఒక్కటే. అందులో ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టు ఉంటారు. ఈ మధ్య పొద్దున లేచి తలుచుకుంటే ఆయన ముఖం ఒక్కసారిగా రావడం లేదు. కనుబొమలు వస్తాయి, మిగతాది వచ్చేలోగా అవి పోతాయి. మీ ఫోటోల్లో ఆయన ఎక్కడైనా ఉన్నారా?

ఎదురుచూస్తూ,
ఓర్ఫా

తా.క.: పాస్టరు గారు మిమ్మల్ని చూడాలంటున్నారు. తొందర లేదన్నారు.


హాలిఫాక్స్
సెప్టెంబరు 28

లాంజిల్ గారికి,

తల ఎత్తుకోలేకుండా రాస్తున్నాను. మొదటిసారి ఇల్లు చూసి ఫోటోలు తీశాక సినిమా రెండేళ్ళకు పైగా ఆగిపోయింది. మళ్ళీ మొదలయ్యాక ఆ పాత ఫోటోలే పట్టుకొచ్చాం. ఈలోగా ఏమైందని ఎవరూ అడగలేదు. గురువారం బండి పంపుతాను, అన్నీ ఇచ్చేయండి.

ఇక మీరడిగింది. ఫోటోలో మనిషి ఉండకూడదన్నది మా నియమం. రెండువందల పన్నెండూ చూశాను, ఎవరూ లేరు. లేరనే ఉత్తరం రాసి కవరు అంటించాను. మనసొప్పక భూతద్దంతో మళ్ళీ చూశాను.

నలభయ్యో ఫోటో, పొయ్యి తలుపు అద్దం. అందులో ఒక పెద్దాయన నాలుక బయటపెట్టి ఉన్నారు. గడియారం అద్దంలో మెల్లకళ్ళు పెట్టారు. తలుపు పిడిలో, కెటిల్‌లో, చెంచా వెనక, మొత్తం పదకొండు చోట్ల ఉన్నారు. ఫోటోలు తీసిన మా ఇంగ్రిడ్‌ని అడిగాను. "ఎక్కడికి వెళ్ళినా 'పెద్దాయనా, కాస్త పక్కకి' అనేదాన్ని. 'అలాగేనమ్మా' అని ఎంత మర్యాదగా తప్పుకునేవారో" అంది.

ఇంకో సంగతి. ఆ ఫోటోలు చూసిన రోజే మా దర్శకుడు పాత కథ చించేశాడు. ఇప్పుడు సినిమాలో కథానాయికకు ఇంట్లో మెరిసే ప్రతి వస్తువులోనూ ఒక ముసలాయన కనిపిస్తాడు, వెనక్కి తిరిగితే ఉండడు. ఫోటోల్లో మసగ్గా కనబడ్డది మనిషని తెలీక, మేమంతా అది వెలుగు చేసిన చిత్రమనుకున్నాం. దాన్ని అనుకరించడానికి ఒక పెద్ద నటుడు మూడు వారాలు కష్టపడ్డాడు. కుదరలేదు.

పదకొండూ పెద్దవి చేయించి పంపుతున్నాను.

మీ,
నోయెల్

తా.క.: కెటిల్ ఫోటోలో ముక్కు బాగా సాగిపోయింది. క్షమించాలి.


టానర్స్ కోవ్
అక్టోబరు 6

నోయెల్‌కి,

గురువారం బండి వచ్చింది. బూట్లు, కోటు, కుర్చీ ఇచ్చి పంపాను. అవి ఆయనవి కావు.

ఫోటోలు అందాయి. వంటింటి బల్ల మీద వరసగా పరిచి భోజనం నిలబడే చేస్తున్నాను.

ఓర్ఫా

తా.క.: కెటిల్‌లో ముక్కు సాగలేదు. ఆయన ముక్కే అంత.